ఎంజీబీ జీటీ: ఇంగ్లండ్ ధర వేరు, తిరుపతి ధర వేరు

బ్రిటన్ ప్రకటనల్లో 1974 నాటి ఎంజీబీ జీటీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ధర చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. బండి కూడా ఆ ఆశకు తగ్గదే. 1798 సీసీ ఇంజిన్, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, స్టీరింగు మనలాగే కుడివైపు. పైకప్పు ఉంటుంది కాబట్టి మన తిరుపతి ఎండకు ఓపెన్ మోడల్ కంటే ఇదే నయం.

మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన కార్లను లైసెన్సు లేకుండా తెప్పించుకోవచ్చని 2025 ఫిబ్రవరిలో కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ చెప్పింది. పన్ను భారం మాత్రం అలాగే ఉంది. ఓడ బాడుగ, ఇన్సూరెన్సుతో కలిపి బండి విలువ 10 లక్షలు అనుకుందాం. 2025 బడ్జెట్ రేట్లతో కస్టమ్స్ సుంకం 70 శాతం, ఏఐడీసీ అనే వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 67.5 శాతం, కలిపి 13.75 లక్షలు. అప్పటికి 23.75 లక్షలైన మొత్తం మీద 40 శాతం జీఎస్టీ, ఇంకో 9.5 లక్షలు. వెరసి 33.25 లక్షలు. పోర్టు చార్జీలు, ఏజెంటు ఫీజు, ఇక్కడిదాకా క్యారియర్ బాడుగ వేరే. ఓడ బాడుగ రసీదు చూపలేకపోతే బండి ధరలో 20 శాతం బాడుగ కింద కలిపేస్తారు, దాని మీదా పన్ను పడుతుంది.

ఈ లెక్కన అక్కడ లక్ష పెట్టి రిపేరు చేయించిన బండి కొంటే ఆ లక్ష ఇక్కడ మూడు లక్షలు దాటుతుంది. అందుకే ఇంజిన్ పొగ వదిలినా, సీట్లు చిరిగినా సరే, బాడీ గట్టిగా ఉన్నదే కొనండి. హెడ్డు పని, బోరింగు, సీటు కుట్టడం ఇక్కడ చౌక. విడిభాగాల మీద పన్ను కూడా బండి మీద పడేంత ఉండదు.

ఈ కారుకు విడిగా ఫ్రేమ్ లేదు. తలుపుల కింద పొడవునా ఉండే సిల్సే బరువు మోస్తాయి, తుప్పు లోపలి పొరలో మొదలవుతుంది. అమ్మేవాళ్లను అక్కడ అయస్కాంతం పెట్టి చూపమనండి, అంటుకోకపోతే లోపల ఉన్నది పుట్టీ. తర్వాత బండిని జాకీ మీద లేపుతూ తలుపు సందు వీడియో తీయమనండి. సందు బిగుసుకుపోతే సిల్స్ పోయినట్టే, ఆ బండి వదిలేయండి.

కొత్త బాడీ షెల్ (బండి మొత్తం ఇనుప గూడు) ఎక్కించిన బండ్లూ అమ్మకానికి వస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటి జోలికి వెళ్లొద్దు. 2021 వింటేజ్ నిబంధనల ప్రకారం చాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చేసిన బండికి వింటేజ్ బండ్లకిచ్చే వీఏ సిరీస్ నంబరు రాదు. జీటీ చాసిస్ నంబరు జీహెచ్‌డీ5తో మొదలవ్వాలి, బ్రిటన్ లాగ్‌బుక్‌లోనూ (అక్కడి ఆర్‌సీ) అక్షరం తేడా లేకుండా అదే ఉండాలి. తేడా వస్తే బండి పోర్టులోనే ఆగుతుంది, పోర్టులో ఉంచినందుకు కట్టే డెమరేజీ రోజురోజుకీ పెరుగుతుంది.

వీఏ రిజిస్ట్రేషన్ ఫీజు 20,000, గడువు 10 ఏళ్లు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, మరమ్మతు లాంటి వాటికే రోడ్డెక్కాలి. రోజూ ఆఫీసుకు వెళ్లడానికో, ఇంటిల్లిపాదీ కొండకు వెళ్లడానికో అయితే ఈ బండి దండగ.

మన బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇథనాల్ కలిసిన ఈ20. ట్యాంకు నుంచి కార్బురేటర్ల దాకా రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించాకే పెట్రోలు పోయించండి. పాత గొట్టం మెత్తబడి పెట్రోలు కారిందంటే నిప్పంటుకోవచ్చు, ఈ ఇంజిన్‌లో కార్బురేటర్ల కిందనే కాలుతూ ఉండే ఎగ్జాస్ట్ ఉంటుంది.