జనం కిటకిటలాడే భవనాలకు భద్రతా చట్టం: కట్టకముందా, కట్టిన తర్వాతా – ఏది మేలు?

స్టేడియాలు, మాల్స్, సభామందిరాల వంటి జనసమ్మర్దం గల భవనాల్లో దాడుల వంటి ముప్పుల నుంచి భద్రతను తప్పనిసరి చేయడానికి చట్టానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. నిర్మాణ అనుమతినే భద్రతకు ముడిపెట్టడం ఒకటి, భవనాన్ని నడిపేవారిపై ఆ బాధ్యత మోపడం మరొకటి. మొదటిది ఫ్రాన్స్ పద్ధతి, రెండోది బ్రిటన్ పద్ధతి.

ఫ్రాన్స్‌లో 1995 నాటి చట్టం వేసిన బాటను 2007 నాటి డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు) ఆచరణలోకి తెచ్చింది. లక్షకు పైబడిన జనాభా గల నగర ప్రాంతాల్లో పెద్ద సంఖ్యలో జనం పట్టే ప్రజా భవనం కట్టదలచినవారు అనుమతి దరఖాస్తుతో పాటే ప్రజా భద్రతా అధ్యయనాన్ని సమర్పించాలి. పరిసరాల స్థితి, పొంచి ఉన్న ముప్పులు, వాటికి ప్రతిపాదించిన ఏర్పాట్లు అందులో ఉండాలి. అది సరిగా లేకపోతే అనుమతి రాదు. ఆ పత్రాన్ని బయటివారికి చూపకూడదన్న నిబంధన కూడా సబబైనదే.

బ్రిటన్‌లో 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో జరిగిన బాంబు దాడిలో 22 మంది మరణించారు. మృతుల్లో ఒకరైన మార్టిన్ పేరిట ‘మార్టిన్స్ లా’ అని పిలిచే చట్టానికి 2025 ఏప్రిల్ 3న రాజామోదం లభించింది. అమలుకు కనీసం 24 నెలల గడువిచ్చారు. ఒకేసారి 200 నుంచి 799 మంది వరకు ఉండగల చోట్ల జనాన్ని బయటికి పంపడం, లోపల సురక్షితంగా ఉంచడం, తలుపులు మూయడం, సమాచారం చేరవేయడం వంటి పద్ధతులు సిద్ధంగా ఉంటే చాలు. 800 లేదా అంతకు మించితే నిఘా, రాకపోకల నియంత్రణ, భవనం దృఢత్వం వంటివీ చూడాలి, అదీ ఆచరణలో సాధ్యమైనంత మేరకే.

ఆ చివరి మాటే నన్ను మొదటి పద్ధతి వైపు మొగ్గేలా చేస్తుంది. పేలుడు ధాటి దూరంతో పాటు వేగంగా తగ్గుతుంది కనుక వాహనాలను గోడకు ఎంత దూరంలో ఆపగలమన్నది కీలకం. కట్టేసిన భవనాన్ని రోడ్డు నుంచి వెనక్కి జరపలేము. వాహనాలను అడ్డుకునే స్తంభాలకు బలమైన పునాదులు కావాలి, కానీ అప్పటికే నేల కింద కేబుళ్లు, పైపులు పరుచుకుని ఉంటాయి. పగిలినా చెదరని గాజును తర్వాత అమర్చినా, దాన్ని పట్టే చట్రం బలహీనమైనదైతే ప్రయోజనం ఉండదు.

అయితే ముప్పు కాలంతో మారుతుంది, అనుమతి మాత్రం ఒక్కసారే ఇస్తారు. పైగా ఇప్పటికే నిలిచి ఉన్న వేలాది భవనాలను తాకగలిగేది బ్రిటన్ పద్ధతి ఒక్కటే. అందుకే కొత్త నిర్మాణాలకు ఫ్రాన్స్ దారి, పాతవాటికి బ్రిటన్ దారి మేలని నా అభిప్రాయం. ఏ దారి పట్టినా అగ్నిమాపక నిబంధనలతో రాజీ పడరాదు: బయటి నుంచి తెరుచుకోని అత్యవసర ద్వారం లోపలి నుంచి ఒక్క తోపుతో తెరుచుకోవాలి.

ఫ్రాన్స్ పద్ధతిని అనుసరించేవారు దరఖాస్తు దాకా ఆగకుండా, తొలి నమూనా గీసే దశలోనే అధ్యయనం మొదలవ్వాలని నిబంధన పెట్టుకోవాలి. లేకుంటే ఆర్కిటెక్టు ముగించిన ప్లానుకు అది అనుబంధ పత్రంగా మిగిలిపోయే ప్రమాదముంది.