క్రాప్రెడీ పొలంలో రెండు రాత్రులు

గాయని సాండీ డెన్నీ సమాధి రాతి మీద ఎవరో గిటారు మీటే చిన్న బిళ్ల పెట్టి వెళ్లారు. రాత్రి కురిసిన వానకి అది తడిసి రాతికి అతుక్కుపోయింది. పక్కనే పసుపు పూల గుత్తి, ఇంకా వాడలేదు. అంటే ఒకటి రెండు రోజుల కిందటే ఎవరో వచ్చి వెళ్లారన్నమాట. ఆమె పోయింది 1978 ఏప్రిల్‌లో, 31 ఏళ్లకే. లండన్‌లో వింబుల్డన్ పక్కనున్న పట్నీ వేల్ శ్మశానంలో ఆ రాయి ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఆమె పాడిన ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే ఇంగ్లీషు జానపద-రాక్ బ్యాండ్ పాటలు కాలేజీ రోజుల నుంచీ వింటున్నాను. ప్రతి ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని క్రాప్రెడీ అనే పల్లెలో వాళ్ల సంగీతోత్సవం జరుగుతుందని తెలుసు గానీ, వెళ్లడం ఇన్నాళ్లకి కుదిరింది. లండన్‌లో ఉంటున్న మా తమ్ముడు తోడొచ్చాడు. ఎక్కడ దిగాలి, ఏది తప్పక చూడాలి, దేన్ని వదిలేసినా ఫర్వాలేదు అన్నది వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు లండన్ సంగతి. బ్యాండ్ పుట్టింది ఉత్తర లండన్ మజ్వెల్ హిల్‌లో, 1967లో. అక్కడి ఫోర్టిస్ గ్రీన్‌లో ‘ఫెయిర్‌పోర్ట్’ అనే ఇంట్లో సాధన చేసేవాళ్లు కాబట్టి ఆ పేరే బ్యాండ్‌కి పెట్టుకున్నారు. ఇల్లు ఇప్పటికీ ఉంది. కానీ అది ఎవరో కాపురం ఉండే ఇల్లు. రోడ్డు మీద నుంచి చూసి వచ్చేయడమే. దాని కోసమే అంత దూరం వెళ్లక్కర్లేదు. వింబుల్డన్ మాత్రం వెళ్లొచ్చు. 1969లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ‘అన్‌హాఫ్‌బ్రికింగ్’ అట్ట మీద సాండీ అమ్మానాన్నలు తమ ఇంటి ముందు నిలబడి ఉంటారు, కంచె సందుల్లోంచి తోటలో కూర్చున్న బ్యాండ్ కనిపిస్తుంది. ఆ ఫోటో తీసింది ఆర్థర్ రోడ్డులో. వెనక కనిపించే సెయింట్ మేరీస్ చర్చి గోపురం ఇప్పటికీ అలాగే ఉంది. అది చూసుకుని అటునుంచి పట్నీ వేల్‌కి వెళ్తే ఒక్క పూటలో రెండూ అయిపోతాయి.

లండన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది రీజెంట్స్ పార్క్ దగ్గరి సిసిల్ షార్ప్ హౌస్. అక్కడ జానపద గేయాల గ్రంథాలయం ఉంది. ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ బ్యాండ్‌కీ దానికీ ఉన్న సంబంధం ఇదీ. 1969 మే 12న బర్మింగ్‌హామ్‌లో కచేరీ ముగించుకుని వస్తుండగా ఎం1 హైవే మీద బ్యాండ్ వ్యాను బోల్తా పడింది. డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు, వయసు 19. వ్యానులో ఉన్న జీనీ ఫ్రాంక్లిన్ కూడా పోయింది. మిగిలినవాళ్లు ఇక వాయించాలా వద్దా అనే దాకా వచ్చి, చివరికి పాత పాటలు వాయించకూడదని, మొదటి నుంచి మొదలుపెట్టాలని తేల్చుకున్నారు. అప్పట్లో బాస్ గిటారు వాయించే యాష్లీ హచింగ్స్ ఈ గ్రంథాలయంలో కూర్చుని పాత ఇంగ్లీషు గాథాగేయాలు వెతికాడు. హాంప్‌షైర్‌లో ఓ పల్లె ఇంట్లో అందరూ కలిసి ఉండి వాటిని ఎలక్ట్రిక్ గిటారుకీ, డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలుకీ పట్టించారు. అదే ఏడాది చివర ‘లీజ్ అండ్ లీఫ్’ వచ్చింది. 2006లో బీబీసీ రేడియో 2 శ్రోతలు జానపద సంగీతంలో అందరికన్నా ఎక్కువ ప్రభావం చూపిన ఆల్బమ్‌గా దాన్నే ఎంచుకున్నారు. ఆ గదిలో ఒక గాథ తాలూకు వేర్వేరు పాఠాలు ముందు పెట్టుకుని, ఏ చరణం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తూ ఉంటే మధ్యాహ్నం ఎలా గడిచిందో తెలియలేదు.

క్రాప్రెడీకి ఇప్పుడు రైలు లేదు, అక్కడి స్టేషన్ 1956లోనే మూసేశారు. లండన్ మారిల్‌బోన్ నుంచి బాన్‌బరీకి రైల్లో గంట పైన పడుతుంది. అక్కణ్ణుంచి ఇంకో ఆరేడు కిలోమీటర్లు. తమ్ముడు ముందే టెంట్‌కి టికెట్ తీసుకున్నాడు. నేనే పట్టుబట్టి మొదటి రాత్రికి బాన్‌బరీలో హోటల్ గది తీసుకున్నాను. గది శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్లున్నాయి, దాన్నేమీ అనడానికి లేదు. తిరుగు ప్రయాణంతోనే చిక్కొచ్చింది. గురువారం కచేరీ ముగిశాక ముందుగా మాట్లాడుకున్న టాక్సీ రానేలేదు, ఫోను ఎత్తలేదు. చీకట్లో ఊరి చివర ముప్పావు గంట నిలబడ్డాం. చివరికి బాన్‌బరీ వైపు వెళ్తున్న ఓ పెద్ద దంపతులు కారు ఆపి, వెనక సీట్లో ఉన్న మడత కుర్చీలు ఒళ్లో పెట్టుకోమని ఎక్కించుకున్నారు. దారిపొడవునా కారులో మోగింది కూడా ఫెయిర్‌పోర్టే. మర్నాడు నేనే గది ఖాళీ చేసి పొలంలోకి వచ్చేశాను.

కారు లేకపోతే హోటల్ వద్దని గట్టిగా చెబుతాను. పొద్దున మాత్రం బాన్‌బరీ నుంచి ఆక్స్‌ఫర్డ్ కాలువ గట్టు పట్టుకుని నడిచి రండి. రెండు గంటల నడక, దారిలో లాకులు, గట్టు పొడవునా కట్టేసిన సన్నటి పొడవాటి పడవలు. ఉత్సవానికి పడవల్లోనే వచ్చి అందులోనే ఉండేవాళ్లున్నారు. టెంట్ వద్దు, హోటల్ వద్దు అనుకునేవాళ్లకి అది మంచి దారి, కానీ చాలా ముందే బుక్ చేసుకోవాలి.

టెంట్ సుఖమని చెప్పను. నేల వాలుగా ఉంటుంది, రాత్రి ఆగస్టులోనూ చలి కొరుకుతుంది, తెల్లవారేసరికి స్లీపింగ్ బ్యాగ్ మంచుకి చెమ్మగిల్లుతుంది. మరుగుదొడ్లు మొదట్లో బాగానే ఉన్నాయి, శనివారం సాయంత్రానికి వరుస కట్టాల్సి వచ్చింది. స్నానానికి ఇంకా పెద్ద వరుస. తిండికి మాత్రం లోటు లేదు. దుకాణాల కన్నా పొద్దున ఊళ్లోవాళ్లు వండి పెట్టే ఫలహారమే నాకు నచ్చింది. చర్చి తరఫున టీ పోసే ఆవిడ రెండో రోజుకే మా తమ్ముడికి పాలు ఎన్ని కావాలో గుర్తు పెట్టుకుంది.

ఏడొందల పైచిలుకు జనం ఉన్న ఊరు అది. దాని మీద ఒక్కో ఏడు 20,000 మంది దాకా వచ్చి పడ్డారు. అయినా విసుగు మొహం ఒక్కటీ కనిపించలేదు. ఊళ్లో రెండు పబ్బులు, బ్రేజ్‌నోజ్ ఆర్మ్స్, రెడ్ లయన్. 1973 నాటి ‘నైన్’ ఆల్బమ్ అట్ట మీది ఫోటో బ్రేజ్‌నోజ్ దగ్గర తీసిందే. పగలు ఆ పబ్బు తోటలో ఊరూపేరూ లేని బ్యాండ్లు వాయిస్తుంటాయి. చెర్వెల్ నది వంతెన మీద నిలబడితే 1644 జూన్ 29న ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో ఇక్కడే రాజు సైన్యమూ పార్లమెంటు సైన్యమూ తలపడ్డాయని గుర్తొస్తుంది.

అసలు ఈ ఉత్సవం వీడ్కోలు కచేరీతో మొదలైంది. 1979కల్లా బ్యాండ్‌ని పట్టించుకునేవాళ్లు తగ్గారు. మిగిలిన ఆల్బమ్‌లు చేయక్కర్లేదని రికార్డు కంపెనీయే డబ్బిచ్చి ఒప్పందం తెంచుకుంది. ఆగస్టు 4న పగలు నెబ్‌వర్త్‌లో లెడ్ జెపెలిన్ కచేరీకి ముందు వాయించి, రాత్రికి క్రాప్రెడీ పొలంలో ఆఖరిసారి అని వాయించారు. ఆ వీడ్కోలు కచేరీల రికార్డింగులని ఏ కంపెనీ తీసుకోకపోతే సొంతంగా వుడ్‌వర్మ్ పేరుతో అచ్చు వేసుకున్నారు. మరుసటి ఏడు మళ్లీ కలుద్దాం రమ్మంటే జనం వచ్చారు. ఆ పై ఏడూ వచ్చారు. బాస్ వాయించే డేవ్ పెగ్, అప్పటి ఆయన భార్య క్రిస్టీన్ ఏళ్ల తరబడి ఆ ఉత్సవం భారం మోశారు. 1985లో బ్యాండ్ మళ్లీ కొత్త ఆల్బమ్ చేసింది. ఉత్సవం కోవిడ్ వల్ల 2020, 2021ల్లో ఆగింది, 2022లో మళ్లీ జరిగింది. జనం ఏటేటా రాకపోయి ఉంటే ఈ బ్యాండ్ పాత రికార్డుల్లోనే మిగిలిపోయేదని నేను గట్టిగా నమ్ముతాను.

పొలంలో ఒకటే వేదిక. నేల సహజంగా అటు వాలి ఉంటుంది కాబట్టి ఎక్కడ కూర్చున్నా కనిపిస్తుంది. ఎవరి చోటు వాళ్లకి తెలియడానికి పొడవాటి కర్రలకి జెండాలు కడతారు. మా పక్క జెండా కింద డెబ్బై దాటిన ఒకావిడ, పదేళ్ల మనవరాలు. ఆవిడ జీన్స్ కోటు వెనక ఒక్కో ఏడాదికి ఒక్కో గుడ్డ ముక్క కుట్టి ఉంది. అంకెల దారం రంగులు వేరు వేరు. మొదటిది ‘79’, అంచులు చిరిగి పోగులు లేచాయి. కోవిడ్ రెండేళ్లకి నల్ల ముక్కలు, అంకె లేకుండా. “ఇది నేను కుట్టాను” అని మనవరాలు అన్నిటికన్నా కింది ముక్క చూపించింది. కుట్లు వంకరగా ఉన్నాయి.

శనివారం రాత్రంతా ఫెయిర్‌పోర్ట్‌దే. సైమన్ నికోల్ 1967లో బ్యాండ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడు, ఇంకా గిటారు పట్టుకుని పాడుతున్నాడు. పాత గాథాగేయం ‘మ్యాటీ గ్రోవ్స్’ మొదలవగానే ముసలీ ముతకా అంతా కుర్చీల్లోంచి లేచారు. అర్ధరాత్రికి ‘మీట్ ఆన్ ద లెడ్జ్’. బ్యాండ్ తొలినాళ్ల గిటారిస్టు రిచర్డ్ థాంప్సన్ ఇరవై ఏళ్లు కూడా నిండకముందు రాసిన పాట. ఉత్సవం దానితోనే ముగుస్తుంది. వేదిక మీది గొంతులు వినిపించనంతగా పొలమంతా పాడింది. పక్కావిడ ఒక చెయ్యి మనవరాలి భుజం మీద, ఇంకో చెయ్యి మా తమ్ముడి భుజం మీద వేసింది. పక్కవాళ్లని తాకాలంటేనే మొహమాటపడే మావాడు కూడా కదలకుండా నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున టెంట్లు మడుస్తుంటే ఆ మనవరాలు వచ్చి, వచ్చే ఏడు కూడా తమ జెండా ఇక్కడే పాతుతామని, మీరు ఎడమ పక్క ఉంటారా కుడి పక్కనా అని అడిగింది. ఎడమ పక్కే అన్నాం.