నానోపై ఆర్4ఎస్: గిగాబిట్ రౌటింగ్ కావాలంటే ఇంటరప్టులు ఎక్కడ పడుతున్నాయో చూడండి

ఫ్రెండ్లీఎలెక్ వాళ్ల నానోపై ఆర్4ఎస్ అరచేతిలో పట్టేంత పెట్టె. లోపల రాక్‌చిప్ ఆర్‌కే3399 ప్రాసెసర్, రెండు గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టులు. గిగాబిట్ ఫైబర్‌కి లైనక్స్ రౌటర్‌గా హాయిగా సరిపోతుంది. అయితే స్పీడంతా ప్రాసెసర్‌లోని ఏ కోర్ పనిచేస్తోందన్న దాని మీదే ఉంది.

ఇందులో 6 కోర్లు. 0 నుంచి 3 దాకా చిన్న ఏ53లు. 4, 5 పెద్ద ఏ72లు. డెబియన్ అనే లైనక్స్ వేసి ఏమీ ముట్టుకోకపోతే రెండు పోర్టుల ఇంటరప్టులూ (ప్యాకెట్లు వచ్చాయని పోర్టు ప్రాసెసర్‌కి పంపే పిలుపులు) సాధారణంగా 0వ కోర్ మీదే పడతాయి. పోర్టుకి ఒక్కటే రిసీవ్ క్యూ (వచ్చిన ప్యాకెట్ల వరుస) కాబట్టి నెట్‌వర్క్ చిప్ తనంతట తాను కోర్ల మధ్య పని పంచదు. స్పీడ్ టెస్ట్ నడుస్తుండగా టాప్ (top) కమాండ్ తెరిచి 1 నొక్కితే కోర్లు విడివిడిగా కనిపిస్తాయి. 0వ కోర్‌లో సాఫ్ట్ ఇంటరప్ట్ (si, అంటే ప్యాకెట్ల పని) శాతం 100కి దగ్గరపడి, పెద్ద కోర్లు ఖాళీగా కనిపిస్తే జబ్బు ఇదే.

మందు చిన్నదే. మొదటి పోర్టు ఈత్0 (eth0) ఇంటరప్టు అఫినిటీ ఫైల్లో, అంటే ఆ పని ఏ కోర్‌కి పోవాలో చెప్పే ఫైల్లో 10, రెండో పోర్టు ఈత్1 (eth1) దాంట్లో 20 రాయాలి. అవి హెక్సాడెసిమల్ మాస్కులు, ఒక్కో బిట్ ఒక్కో కోర్‌కి గుర్తు: 10 అంటే 4వ కోర్, 20 అంటే 5వ కోర్. 4వ కోర్ కదా అని 4 రాస్తే పని 2వ కోర్‌కి, అంటే మళ్లీ చిన్నదానికే పోతుంది! ఇంటరప్టు నంబరును స్క్రిప్టులో నేరుగా రాయకండి, కెర్నెల్ మారితే అదీ మారొచ్చు. ఇంటరప్టుల జాబితాలో (/proc/interrupts) పోర్టు పేరుతో వెతకండి. పోర్టు అప్ అయ్యాకే ఆ వరుస కనిపిస్తుంది, కాబట్టి స్క్రిప్టు ఆ తర్వాతే నడవాలి. ఇంటరప్టులను తనంతట తానే కోర్లకి పంచే ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ (irqbalance) నడుస్తుంటే ఆపేయండి, లేదంటే మీరు పెట్టింది అది మార్చేస్తుంది.

రౌటర్ల కోసం చేసిన లైనక్స్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో (OpenWrt) ఇలా ఇంటరప్టులను కోర్లకి కట్టేసే స్క్రిప్టు ముందే ఉంటుంది. అందుకే కొత్తవాళ్లకి నేను చెప్పేది అదే. వచ్చిన ప్యాకెట్లను సాఫ్ట్‌వేర్‌తో కోర్లకి పంచే ప్యాకెట్ స్టీరింగ్ మాత్రం ఆలోచించి ఆన్ చేయండి. అది ఒక కనెక్షన్ ప్యాకెట్లన్నిటినీ ఒకే కోర్‌కి పంపుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయ్యే పీపీపీఓఈ (PPPoE) లైన్‌లోనూ దాని పొర లోపలి ఐపీ చిరునామాలు చూసే పంచుతుంది. మీ పెద్ద డౌన్‌లోడ్ చిన్న కోర్ వాటాకి వచ్చిందంటే స్పీడు పెరగకపోగా తగ్గొచ్చు. కావాలనుకుంటే మాస్క్ 30 పెట్టి పెద్ద కోర్లకే పరిమితం చేయండి. కేక్‌తో (CAKE, లైన్ రద్దీని అదుపు చేసే లైనక్స్ పద్ధతి) స్పీడ్ షేపింగ్ చేసేవాళ్లకి పనిని పెద్ద కోర్ల మీద ఉంచడం మరీ ముఖ్యం, ఎందుకంటే ఒక దిశలో ఆ పని ఒకేసారి ఒక కోర్ మీదే సాగుతుంది.

5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ వాడండి. లోహపు కేసే హీట్‌సింక్, కాబట్టి ముట్టుకుంటే వేడిగా ఉండటం మామూలే. వైఫై లేదు, యాక్సెస్ పాయింట్ విడిగా కొనాలి. 2.5 గిగాబిట్ ప్లాన్ ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు.