కాస్టిక్ సోడాలో శుద్ధి చేసిన గోగునార: ఏళ్ల తరబడి వాడాక

మా షెడ్డులో ఫైబర్ గ్లాస్ పనితో పాటు గోగునార, పాలిస్టర్ రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) కలిపి ట్రేలు, తలుపు ప్యానెళ్లు కూడా చేస్తాం. నార విజయనగరం వైపు నుంచి తెప్పిస్తాం. శుద్ధి చేయకుండా వాడాం, చేసి కూడా వాడాం, చేయకపోతే రెజిన్ దండగ.

శుద్ధి చేయని నారతో పోసిన ముక్కని విరిచి చూడండి, పోగులు రెజిన్‌లోంచి నున్నగా ఊడొచ్చేస్తాయి. నార మీద మైనం, పెక్టిన్ అనే జిగురు పొర ఉంటుంది, పైగా నార నీళ్లని పీల్చుకునే సరుకు కాబట్టి రెజిన్‌తో దానికి పడదు. కాస్టిక్ ఆ పొరనీ, నారలోనే ఉండే హెమీసెల్యులోజ్, కొంత లిగ్నిన్ అనే పదార్థాలనీ లాగేస్తే పోగు గరుకుగా తేలి రెజిన్ బాగా అంటుకుంటుంది, అప్పుడు విరిస్తే ఊడకుండా పోగే తెగుతుంది.

లీటరు నీళ్లకి 50 గ్రాముల కాస్టిక్, అందులో నార రెండు మూడు గంటలు నానాలి, అంతే. ఘాటు పెంచితే బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు గానీ, మోతాదు దాటితే పోగుకి బలమిచ్చే సెల్యులోజే దెబ్బతిని పోగు పుటుక్కున తెగుతుంది. కాస్టిక్‌ని నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి, దాని మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె అసలే వద్దు, మండే హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

అసలు చాకిరీ కడగడంలో ఉంది. నీళ్లు విపరీతంగా పోతాయి, చివర్లో కాస్త ఎసిటిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో ముంచి లిట్మస్ కాగితంతో చూసుకోవాలి, ఎందుకంటే మిగిలిపోయిన క్షారం పాలిస్టర్‌ని మెల్లగా తినేస్తుంది. శుద్ధి చేసిందేనని ఒకచోట కొన్న నారని తడిపి చూస్తే కాగితం నీలంగా మారింది, ఇక ఆ సరుకు మళ్లీ కొనలేదు. తర్వాత ఆరబెట్టడం: ఎండలో ఆరినట్టే కనిపిస్తుంది, లోపల తేమ ఉండిపోయి రెజిన్‌లో బుడగలు లేస్తాయి. వానాకాలంలో ఓవెన్ లేకపోతే టెన్షనే.

నారకీ రెజిన్‌కీ అతుకు కుదిర్చే సిలేన్ అనే రసాయనం కూడా పట్టించి చూశాం. తడి తగిలే ప్యానెళ్లకి పనికొస్తుంది, ఇంట్లో ఉండే ట్రేకి ఆ ఖర్చు అనవసరం. ఏం పట్టించినా కోసిన అంచులు నీళ్లు పీలుస్తాయి, వాటి మీద రెజిన్ పూత వేయాల్సిందే.

ఈ నార ఫైబర్ గ్లాస్ కన్నా తేలిక, కోసేటప్పుడు ఒళ్లంతా ఆ దురద ఉండదు, మా కుర్రాళ్లకి అదే నచ్చింది. నీళ్ల ట్యాంకు చేయమంటే మాత్రం ఇప్పటికీ ఫైబర్ గ్లాస్ మ్యాటే (గాజు పోగుల పరుపే) తీస్తాను.