అత్తయ్యతో మూడు గుళ్ళు

మాది ఖమ్మం దగ్గర ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) కుటుంబం. అత్తయ్యకు డెబ్బై ఏళ్ళు, జపమాల చెప్పకుండా ఒక్క రాత్రి కూడా పడుకోదు. మా తోడికోడలు బాప్టిస్టుల ఇంటి నుంచి వచ్చింది, వాళ్ళు మరియమ్మకు ప్రార్థన చేయరు. పెళ్ళై రెండేళ్ళయినా "ఏసయ్య ఉండగా మధ్యలో మరియమ్మ ఎందుకక్కా?" అని అడుగుతూనే ఉంది. పుట్టుకతో క్యాథలిక్‌నైనా నాకు సరైన జవాబు తెలియదు. 2025 డిసెంబరు 8, మరియమ్మకు చేసే నిష్కళంక మాత పండుగ, సోమవారం పడింది. శని ఆదివారాలు కలుపుకుని ముగ్గురం హైదరాబాద్ బయల్దేరాం.

ముందు బస సంగతి. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక లాడ్జి ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. లిఫ్ట్ ఉందని రాశారు కానీ అది పనిచేయడం లేదు. మాకిచ్చింది రెండో అంతస్తు. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. వేడినీళ్ళు పొద్దున ఒక్క గంటే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బయల్దేరే రోజు ఫోన్ చేసి, కింది గది ఉందా, లిఫ్ట్ నడుస్తోందా అని అడగండి. స్టేషన్‌లో కూడా మేం వెళ్ళినప్పుడు కొత్త కట్టడం పని సాగుతోంది, సామాను తక్కువ పెట్టుకుంటే మంచిది.

శనివారం సాయంత్రం సెయింట్ మేరీస్ బసిలికాకు వెళ్ళాం. స్టేషన్ నుంచి ఆటోలో దగ్గరే. 1850 నాటి గుడి, 2008లో దానికి బసిలికా హోదా, అంటే పోప్ ఇచ్చే ప్రత్యేక గౌరవం, వచ్చింది. ఎత్తైన గోథిక్ కమానులు, లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ప్రశ్నతో వచ్చినవాళ్ళు మొదట కూర్చోవాల్సింది ఇక్కడే అని నాకనిపించింది, తోసేవాళ్ళు లేరు. అక్కడ ప్రార్థనకు వచ్చిన ఒక సిస్టర్‌ను తోడికోడలు నేరుగా అడిగేసింది. ఆవిడ నొచ్చుకోలేదు. "మీ అత్తయ్య జపమాలలో మరియమ్మకు చెప్పే మంగళవార్త ప్రార్థన ఒకసారి నెమ్మదిగా వినమ్మా. 'వందనము' అంటాం, 'మా కొరకు ప్రార్థించండి' అంటాం. 'మమ్మల్ని రక్షించండి' అనే మాట అందులో లేదు. ఆరాధన దేవుడికే" అంది. చిన్నప్పటి నుంచి వేల సార్లు చెప్పిన ప్రార్థన. అందులో ఏ మాట ఉందో, ఏ మాట లేదో నేనెప్పుడూ గమనించలేదు.

ఆదివారం ఖైరతాబాద్‌లోని వేళాంగణి మాత గుడికి మెట్రోలో వెళ్ళాం. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారాలి. స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి, అత్తయ్యకు ఆ రోజు అంతా సులువైపోయింది. క్యాబ్ కోసం టెన్షన్ పడేకంటే ఇదే నయం. గుడిలో కొవ్వొత్తులు, పూలు, చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు, ఆస్పత్రి కాగితాలు చేత్తో పట్టుకుని నిలబడ్డ ఒకాయన. ఆరోగ్యమాత (వేళాంగణి మాతకే ఇంకో పేరు) ముందు అత్తయ్య చాలాసేపు ఏడ్చింది. ఎందుకని మేం అడగలేదు.

బయటికొచ్చాక తోడికోడలు మెల్లగా, "వీళ్ళంతా ఆమెనే దేవుడనుకోవట్లేదా అక్కా?" అంది. అత్తయ్యకు వినపడింది. "బైబిల్లో కానా ఊరి పెళ్ళిలో ద్రాక్షారసం అయిపోతే ఆమె పనివాళ్ళతో ఏమంది? ఆయన చెప్పినట్టు చేయండి అంది. ఇప్పటికీ ఆమె అనేది అదేనమ్మాయ్" అంది. ఈ భక్తి అజ్ఞానం అని నేననుకోను. కాకపోతే కొందరు మరియమ్మను క్రీస్తుతో సమానం చేసి మాట్లాడతారు, అది పొరపాటే. క్యాథలిక్ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1964లోనే చెప్పింది: దేవుడికీ మనుషులకీ మధ్యవర్తి క్రీస్తు ఒక్కరే, మరియమ్మ తల్లిగా చేసే సాయం ఆ మధ్యవర్తిత్వాన్ని తగ్గించదు, దానికి కొత్తగా ఏదీ కలపదు. మేం వెళ్ళడానికి నెల ముందు, 2025 నవంబరు 4న, రోమ్ నుంచి వచ్చిన పత్రం కూడా ఆమెను 'సహ రక్షకి' (క్రీస్తుతో పాటు రక్షించేది) అని పిలవడం తగదని స్పష్టం చేసింది. ఆమె గౌరవం తగ్గించారని బాధపడ్డవాళ్ళు మా విచారణలోనూ (మా గుడి పరిధిలోనూ) ఉన్నారు. నాకైతే బరువు దిగినట్టయింది.

సోమవారం గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కథీడ్రల్, అంటే బిషప్ గారి ప్రధాన గుడి. 1870లో పునాది వేసిన గుడి. నాంపల్లి మెట్రోలో దిగి ఆటో తీసుకున్నాం. పూజ వేళలు భాషను బట్టి మారతాయి, ముందే కనుక్కుని వెళ్ళండి. ఆ రోజు ప్రసంగమే మా ప్రయాణానికి అసలు ఫలితం. 1854లో తొమ్మిదో పియూస్ పాపుగారు (పోప్) ప్రకటించిన విశ్వాస సత్యాన్ని ఫాదర్ గారు విడమరిచి చెప్పారు. మరియమ్మ జన్మపాపం (మనుషులందరికీ పుట్టుకతో వచ్చే పాపం) అంటకుండా కడుపున పడింది, అది ఆమె సొంత గొప్పతనం వల్ల కాదు, తన కొడుకు సిలువ మీద సంపాదించబోయే పుణ్యఫలం ముందుగానే ఆమెకు అందింది కాబట్టి అన్నారు. మనం గోతిలో పడ్డాక ఆయన పైకి లాగాడు, ఆమెను పడకుండానే పట్టుకున్నాడు.

తోడికోడలు నా చెయ్యి పట్టుకుని, "అయితే ఆమెను రక్షించింది కూడా ఏసయ్యేనా?" అంది. అంతే కదా! ఆమె కూడా రక్షణ పొందినదే. అందరికంటే ముందు, అందరికంటే నిండుగా. దేవదూతతో "నీ మాట ప్రకారం నాకు జరగనీ" అని మనసారా ఒప్పుకుంది, చివరికి సిలువ కింద నిలబడింది. "ఇదిగో నీ తల్లి" అని సిలువ మీద నుంచి ఆయనే శిష్యుడికి అప్పగించాక మనం ఆమెను ఇంటికి తెచ్చుకోకుండా ఎలా ఉంటాం?

తోడికోడలు ఇంకా జపమాల పట్టలేదు. తిరుగు రైల్లో ఫోన్‌లో లూకా మొదటి అధ్యాయం చదువుకుంటూ, "మరి మోక్షారోపణం, అదే మరియమ్మ శరీరంతో పరలోకానికి వెళ్ళడం, బైబిల్లో ఎక్కడుంది అత్తయ్యా?" అంది. "ఫిబ్రవరిలో విజయవాడలోని గుణదల మాత గుడికి పోదాం, అక్కడ ఫాదర్ గారిని అడుగుదువు" అంది అత్తయ్య. 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలకు జనం విపరీతంగా వస్తారు కాబట్టి విజయవాడలో గది ఇప్పుడే మాట్లాడేశాను. కింది అంతస్తు.