టర్కీ కైమా ఉండలు: ఏ ప్యాకెట్, ఏ పిండి, ఏ సెగ మేలు?

అమెరికా సూపర్‌మార్కెట్లో గ్రౌండ్ టర్కీ, అంటే టర్కీ కోడి కైమా, పెట్టిన అర ముందు నిలబడితే మూడు రకాల ప్యాకెట్లు కనిపిస్తాయి: 85/15, 93/7, 99/1. మొదటి అంకె మాంసం శాతం, రెండోది కొవ్వు శాతం. ఆరోగ్యం కోసం మటన్ మానేసి టర్కీకి మారినవాళ్ళ చెయ్యి తిన్నగా 99 మీదికే పోతుంది. ఉండలు సగం అక్కడే పాడవుతాయి. మిగతా సగం ఎక్కువసేపు పిసకడం వల్లా, ఎక్కువసేపు ఉడికించడం వల్లా పాడవుతాయి. చివరికి ‘టర్కీ అంటేనే పీచు’ అని నింద మాత్రం మాంసం మీద పడుతుంది.

నాలుగు ఔన్సుల పచ్చి కైమా, అంటే 112 గ్రాములు తీసుకుంటే 99 ప్యాకెట్లో కొవ్వు రెండు గ్రాములకు మించదు, కేలరీలు సుమారు 120. 93 ప్యాకెట్లో కొవ్వు 8 గ్రాములు, కేలరీలు సుమారు 160. తేడా 40 కేలరీలే. ఒక టేబుల్‌స్పూన్ నూనెలో 120 కేలరీలు ఉంటాయి. కాబట్టి 99 తెచ్చి, ఎండిపోతోందని మూకుట్లో ఇంకో టేబుల్‌స్పూన్, కూరలో ఇంకో టేబుల్‌స్పూన్ నూనె పోస్తే మిగిల్చిందంతా అక్కడే పోయింది. 93 తెచ్చి నూనె తగ్గించడమే మేలు.

99 ఎందుకు ఎండిపోతుందంటే, అది తోలు తీసిన ఛాతీ మాంసం. దాంట్లో కొవ్వు దాదాపు ఉండదు. వేడి తగిలేకొద్దీ మాంసపు పోగులు ముడుచుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తాయి. నీళ్ళు పోయాక నోటికి మెత్తగా తగలడానికి కొవ్వైనా ఉండాలి కదా, అదీ లేదు. 93లో తొడ మాంసం కూడా కలుస్తుంది కాబట్టి రంగు కాస్త ముదురుగా ఉంటుంది, రుచీ ఎక్కువే. 85లో అదే 112 గ్రాములకు 17 గ్రాముల దాకా కొవ్వు ఉంటుంది. ఉండలు మెత్తగానే వస్తాయి కానీ ట్రేలో కొవ్వు మడుగు కడుతుంది, ఉండ కుంచించుకుపోతుంది, కూర మీద జిడ్డు తేలుతుంది. ఆరోగ్యం కోసమే చేసుకునేటప్పుడు దాని జోలికి వెళ్ళనక్కర్లేదు.

డాక్టరు కొవ్వు బాగా తగ్గించమన్నందువల్ల 99 వాడక తప్పకపోతే నీటిని పట్టి ఉంచేదేదైనా కలపాలి. తురిమి గట్టిగా పిండిన సొరకాయ గానీ, సన్నగా తరిగి పొడిపెనం మీద నీరు ఇంకేదాకా వేయించిన పుట్టగొడుగులు గానీ 100 గ్రాములు వేస్తే చాలా తేడా కనిపిస్తుంది. సొరకాయ పిండకుండా వేస్తే మాత్రం ఉండ చేతిలో నిలవదు.

పట్టుకి ఏది: బ్రెడ్డా, ఓట్సా, పుట్నాలా?

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. పిండి వేసేది ఉండ విడిపోకుండా అని చాలామంది అనుకుంటారు. ఆ పని గుడ్డూ ఉప్పూ కూడా చేస్తాయి. పిండి చేసే పెద్ద పని వేరే ఉంది. అది నీటిని పీల్చి పట్టుకుని మాంసపు పోగుల మధ్య అడ్డంగా కూర్చుంటుంది. పోగులు ఒకదానికొకటి బిగుసుకోకుండా చూస్తుంది. అందుకే పిండిని పొడిగా చల్లకూడదు, ముందే తడిపి వేయాలి. పొడిగా వేస్తే అది తనకు కావలసిన నీటిని మాంసం నుంచే లాక్కుంటుంది.

కింది కొలతలన్నీ ఒక పౌండు ప్యాకెట్‌కి, అంటే 454 గ్రాముల 93/7 కైమాకి. ఒక గుడ్డు, తురిమి పిండిన చిన్న ఉల్లిపాయ, సన్నగా తరిగిన రెండు పచ్చిమిర్చి, గుప్పెడు కొత్తిమీర, చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద, చెంచా కారం, చెంచా ధనియాల పొడి, పావు చెంచా పసుపు, 6 గ్రాముల ఉప్పు. ఇవి ఏ పద్ధతికైనా ఉండాల్సినవే. ఇక్కడ చెంచా అంటే టీస్పూన్. మెత్తటి ఉప్పయితే 6 గ్రాములు సమంగా ఒక టీస్పూన్ వస్తుంది. అక్కడ దొరికే కోషర్ ఉప్పు పలుకు పెద్దది కాబట్టి అదే చెంచాతో వేస్తే చప్పగా ఉంటుంది, తూచి వేసుకోండి.

బ్రెడ్ పద్ధతిలో అంచులు తీసిన రెండు స్లైసుల్ని 60 మిల్లీలీటర్ల పాలలో ఐదు నిమిషాలు నానబెట్టి, పలుకు లేకుండా ముద్ద చేసి కలపాలి. మెత్తదనంలో దీన్ని మించింది లేదు. ఇటాలియన్ పద్ధతిలో టమాటా సాసులో వేసేవాటికి, పిల్లల కోసం చేసేవాటికి ఇదే సరైనది. 99 కైమాకి కూడా ఇదే వాడాలి. లోపం ఏమిటంటే ఉండ సున్నితంగా ఉంటుంది, మసాలా కూరలో గరిటె తగిలితే చెదురుతుంది.

ఓట్స్ అరకప్పు, అంటే దాదాపు 45 గ్రాములు. రోల్డ్ ఓట్స్‌ని మిక్సీలో రెండుసార్లు తిప్పి బరకగా చేసి, మూడు టేబుల్‌స్పూన్ల పాలలో పది నిమిషాలు ఉంచాలి. పీచు పదార్థం కలుస్తుంది, ఫ్రీజర్‌లో పెట్టి తీసినా ఉండ తీరు చెడదు. స్టీల్‌కట్ ఓట్స్ వేస్తే ఇరవై నిమిషాల్లో ఉడకవు, పంటికింద రాళ్ళలా తగులుతాయి. ఇన్‌స్టంట్ ఓట్స్ జిగురవుతాయి. రుచి విషయానికొస్తే ఓట్స్ తనదంటూ ఏమీ ఇవ్వదు. ఓవెన్‌లో కాల్చి సలాడ్‌తోనో రొట్టెలో చుట్టుకునో తినేవాటికి బాగుంటుంది.

పుట్నాల పప్పు మన కైమా ఉండల పాత పద్ధతి. టర్కీకి ఇది మటన్‌కి కన్నా బాగా నప్పుతుంది. నాలుగు టేబుల్‌స్పూన్ల పుట్నాల్ని రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క, అరచెంచా సోంపుతో కలిపి మెత్తగా పొడి కొట్టి, మూడు టేబుల్‌స్పూన్ల పెరుగులో కలిపి పది నిమిషాలు ఉంచాలి. టర్కీకి ఒక చప్పటి వాసన ఉంటుంది. దాన్ని లవంగం, సోంపు అణిచేస్తాయి. పుట్నాల కమ్మదనం మాంసం రుచికి తోడవుతుంది. గోధుమ పడనివాళ్ళకీ ఇబ్బంది లేదు. ఉడికే కూరలో వేసినా ఉండ గట్టిగా నిలుస్తుంది.

పుట్నాలు అయిపోయాయని శనగపిండి వేయకండి. పుట్నాలు ముందే వేగినవి, శనగపిండి పచ్చిది. 35 గ్రాముల ఉండ ఉడకడానికి పట్టే కొద్దిసేపట్లో నడిమధ్య ఉన్న పిండి పచ్చివాసన పోదు. ఎక్కువసేపు ఉంచితే పిండి ఉడుకుతుంది, టర్కీ ఎండుతుంది. పుట్నాలైనా కొలత దాటితే ప్రమాదమే. ఆరు టేబుల్‌స్పూన్లు పడ్డాయంటే ఉండ కొరకగానే పొడిపొడిగా రాలి గొంతుకు అడ్డం పడుతుంది.

మసాలా కూరకైతే పుట్నాలు, ఓవెన్ నుంచి నేరుగా తినడానికైతే ఓట్స్, 99 ప్యాకెట్ అయితే బ్రెడ్డు.

కలిపే తీరు

గుడ్డు, ఉల్లి, మసాలాలు, తడిపిన పిండి అన్నీ ముందు కలిపేసి, చల్లటి కైమాని ఆఖరున వేయాలి. వేళ్ళు విడదీసి పట్టుకుని, చపాతీ పిండిలా పిసక్కుండా, పైకెత్తి విడుస్తున్నట్టు ఒక నిమిషం. అంతే. ఉప్పు తగిలిన మాంసాన్ని పిసికేకొద్దీ దాంట్లోని ప్రొటీన్ కరిగి జిగురుగా తీగలు సాగుతుంది. కైమా గిన్నె అంచుకు అతుక్కుని, వేలితో లాగితే దారంలా వస్తోందంటే హద్దు దాటినట్టే. అలాంటి ఉండ ఉడికాక కోసి చూడండి, కోసినచోట నున్నగా మెరుస్తుంది. సరిగ్గా కలిపిన ఉండ కోసినచోట గరుగ్గా, సన్న సన్న రంధ్రాలతో, వాటిలో చెమ్మతో కనిపిస్తుంది.

కలిపాక అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. పిండి నీటిని పట్టుకుంటుంది, ఉండ చుట్టడం తేలికవుతుంది. రాత్రంతా ఉంచడం మాత్రం వద్దు. పచ్చి అల్లంలో మాంసాన్ని మెత్తబరిచే ఎంజైమ్ ఉంది, తెల్లారేసరికి పైభాగం గుజ్జుగా మారుతుంది.

పచ్చి కైమాని నాలుక మీద వేసుకుని ఉప్పు చూడకండి. పక్షి మాంసంలో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బాక్టీరియా ఉండే అవకాశం ఉంది. చెంచాడు కైమా పెనం మీద బిళ్ళలా వేసి కాల్చి రుచి చూడండి. అప్పుడే పట్టూ తెలుస్తుంది. తడి చేత్తో 35 గ్రాముల చొప్పున, అంటే పెద్ద ఉసిరికాయంత, చుడితే 17 లేదా 18 ఉండలు వస్తాయి. చుట్టిన ఉండ అరనిమిషంలో పళ్ళెం మీద చదునైపోతే చెంచా పిండి తక్కువైంది, పైన పగుళ్ళు కనిపిస్తే చెంచా పెరుగు తక్కువైంది.

ఓవెన్, ఎయిర్ ఫ్రయర్, మూకుడు, నేరుగా కూర

మూకుట్లో రంగు బాగా వస్తుంది, కాదనలేం. కానీ రెండు టేబుల్‌స్పూన్ల నూనె, 240 కేలరీలు, ముందు లేకుండా టర్కీ అడుగంటుతుంది. గుండ్రటి ఉండ ఒకేసారి అన్నివైపులా తగలదు కాబట్టి తిప్పుతూ ఉండాలి. తిప్పినప్పుడల్లా ఒకటి రెండు విరుగుతాయి.

ఓవెన్ అయితే 425 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 220 సెల్సియస్. పార్చ్‌మెంట్ కాగితం మీద ఉండకీ ఉండకీ అంగుళం ఎడం ఇచ్చి పేర్చి, చెంచా నూనెని బ్రష్‌తో అన్నిటికీ అద్ది 15 నుంచి 18 నిమిషాలు ఉంచాలి. 350లో పెడితే రంగు రాకముందే లోపల ఎండిపోతుంది. ఇది చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. ఉండ చుట్టూ తెల్లటి గడ్డలాంటిది కారితే భయపడక్కర్లేదు, అది బయటికొచ్చి గట్టిపడిన ప్రొటీన్. కొద్దిగా ఉంటే మామూలే, ఉండ చుట్టూ దండలా పేరుకుంటే సమయం ఎక్కువైందని అర్థం.

ఎయిర్ ఫ్రయర్‌లో 380 ఫారెన్‌హీట్, 10 నుంచి 12 నిమిషాలు, సగంలో ఒకసారి కదపాలి. నలుగురికి మించి ఉంటే రెండు వాయిలు తప్పదు. ఒకదానిమీద ఒకటి వేస్తే వేగవు, ఆవిరికి ఉడుకుతాయి. ఇద్దరున్న ఇంటికి ఇదే సుఖం.

నేరుగా కూరలో వేయడానికి అదనపు నూనె అక్కర్లేదు, మాంసం సారమంతా గ్రేవీలోకి దిగుతుంది. గ్రేవీ సన్నగా కుతకుతలాడుతున్నప్పుడు ఒక్కొక్కటీ జారవిడిచి, ఐదు నిమిషాలు గరిటె పెట్టకుండా, అవసరమైతే గిన్నెనే పట్టి కుదిపి, మొత్తం 12 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. తెర్లే కూరలో వేస్తే పగులుతాయి. లోపమల్లా కాలిన రుచి రాకపోవడం, పైన నురగ తేలడం.

అన్నిటికన్నా మేలైనది ఓవెన్‌లో 12 నిమిషాలు రంగు తెప్పించి, వెంటనే మరుగుతున్న గ్రేవీలో వేసి ఐదారు నిమిషాలు సన్న సెగ మీద ఉంచడం. కాలిన రుచీ దక్కుతుంది, ఎండిపోయే చివరి నిమిషాలు గ్రేవీలో గడుస్తాయి. అరకొరగా కాల్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు కూరలో వేద్దామనుకోవడం మాత్రం ప్రమాదం. సగం ఉడికిన పక్షి మాంసం నిలవ పెట్టకూడదు.

ఏ పద్ధతైనా నడిమధ్య 165 ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ చేరాలి. అమెరికా వ్యవసాయ శాఖ పక్షి మాంసానికి పెట్టిన హద్దు ఇదే. రంగు చూసి నమ్మకండి. ఉడికిన టర్కీ కూడా ఒక్కోసారి లేత గులాబీగా ఉంటుంది, ఉడకనిది తెల్లగా కనిపించొచ్చు. చిన్న ప్రోబ్ థర్మామీటర్ ట్రే మధ్యలో ఉన్న పెద్ద ఉండలోకి గుచ్చి చూడండి. 165 రాగానే తీసేయాలి. 185 దాకా పోనిస్తే ఏ ప్యాకెట్ తెచ్చినా ఒకటే పీచు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేసుకోవాలంటే టర్కీ కైమా కోసం తిరగనక్కర్లేదు. చికెన్ దుకాణంలో తోలు తీసిన లెగ్ పీసుల ఎముక తీయించి అరకిలో కైమా కొట్టించుకోండి, ఛాతీ మాంసం వద్దు. చికెన్ కైమా టర్కీ కన్నా తడిగా ఉంటుంది కాబట్టి పెరుగు మూడు టేబుల్‌స్పూన్లకు బదులు ఒకటిన్నర చాలు. మిగతా కొలతలు, సెగ అన్నీ అవే.

పచ్చి కైమా ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచకూడదు, వండినవి మూడు నాలుగు రోజులు. ఫ్రీజర్‌కైతే గ్రేవీ లేకుండా ట్రే మీద విడివిడిగా గడ్డకట్టించి, ఆ తర్వాత సంచిలో వేస్తే అతుక్కోవు. పుట్నాల ఉండలు నిలవుండేకొద్దీ గ్రేవీ తాగేస్తాయి. వేడి చేసేటప్పుడు అరకప్పు వేడినీళ్ళు పోసి, మూత పెట్టి సన్న సెగ మీద మళ్ళీ 165 దాకా తీసుకురండి.