జంబో, గజ, ఏనుగు: పెద్దదని చెప్పడానికి ఏది మేలు?

కర్నూలులో మాది ఫ్లెక్సీలు, కరపత్రాలు కంపోజ్ చేసే షాపు. మొన్న పూలమాలలు కట్టే ఒకాయన బోర్డు రాయించుకోవడానికి వచ్చి, "అన్నా, జంబో మాలలు అని పెట్టు" అన్నాడు. "గజమాల అనే మాటుండగా జంబో ఎందుకప్పా?" అన్నాను. "గజమాలంటే క్రేన్‌తో వేసేదే అనుకుంటారన్నా. నేను పెండ్లి మాలలు కూడా కడతా" అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే. అప్పటి నుంచి ఈ మాటలు నన్ను వదల్లేదు.

జంబో అంటే ఇంగ్లీషులో మొదట ఏనుగు అని అర్థం కాదు. అది లండన్ జూలోని ఒక ఏనుగు పేరు. 1882లో దాన్ని బార్నమ్ అనే అమెరికా సర్కస్ యజమానికి అమ్మేశారు. 1885లో కెనడాలో రైలు గుద్ది చనిపోయింది. పేరు మాత్రం భారీతనానికి నిలిచిపోయింది. 1969లో ఎగిరిన బోయింగ్ 747కీ అదే పేరు, మన కుంబ్లేకీ అదే పేరు. తెలుగులోకి వచ్చాక ఇది ఎక్కువగా ప్యాకెట్ల మీదా, 'జంబో కార్యవర్గం' లాంటి వార్తల్లోనూ కుదురుకుంది. కార్యవర్గానికి జంబో అన్నామంటే అందులో "ఇంతమంది ఎందుకు?" అన్న విసుగు కూడా ఉంటుంది. పూలకు ఆ మాట నాకు నచ్చదు.

గజ సంగతి వేరు. వస్తువు ముందు చేరితే పరిమాణం: గజమాల, గజనిమ్మ. మనిషి ముందు చేరితే ఒడ్డూ పొడుగూ పోయి, ఆరితేరినతనం వస్తుంది. గజదొంగ బక్కగా ఉన్నా గజదొంగే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి ఊరు మునిగినప్పటి నుంచి గజ ఈతగాడు అన్న మాట వింటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఎవరైనా నీళ్లలో గల్లంతైతే ముందు వాళ్లకోసమే కబురు పెడతారు. ఆ మాటకు ఎవరూ కొలత అడగరు, ధైర్యం చూస్తారు. ఏనుగు కూడా మంచి ఈతగత్తె, తొండం పైకెత్తి లోతు నీళ్లు దాటేస్తుంది. ఇంత అర్థం జంబోకు ఎక్కడిది?

ఒక్క జాగ్రత్త. గజగజ వణకడంలో ఏనుగు లేదు, అది వణుకు చప్పుడు. ప్లాట్లు అమ్మే చదరపు గజంలోని గజం కూడా పారసీ నుంచి వచ్చిన మూడడుగుల కొలతే.

కంటికి కనిపించే సైజు చెప్పాలంటే మాత్రం అచ్చ తెలుగు ఏనుగే మేలు. పొలం గట్ల మీద చిన్న పల్లేరుకాయ కాలికి గుచ్చుకుంటే ప్రాణం పోయినట్టుంటుంది. దానికంటే పెద్ద కాయ కాసేది ఏనుగు పల్లేరు. దాని ఆకు కొమ్మను చెంబు నీళ్లలో నాలుగుసార్లు తిప్పితే నీళ్లు జిగురుగా, తీగ సాగేలా చిక్కబడతాయి. చిన్నప్పుడు మా అవ్వ చేసి చూపించింది. రెండూ వేరే జాతి మొక్కలు. అయినా కాయల పోలిక చూసి, సైజు తేడా చెప్పడానికి మనవాళ్లకు ఏనుగు ఒక్కటే సరిపోయింది.

చివరికి బోర్డు మీద పైన 'గజమాలలు' అని ఎర్రటి పెద్దక్షరాలు, కింద 'పెండ్లి దండలు' అని పెట్టాను. ఆయన రెండుసార్లు పైకి చదువుకుని, "ఇదే ఉండనీ అన్నా" అన్నాడు.